ఐఎంఏ బ్రాంచి కమిటీలో పని చేయాలనుకునే డాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్లు, పీజీ ముగించుకుని సొంత ఊరికి తిరిగొచ్చినవాళ్లు మా ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్) హాల్లో కనబడినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను కోస్తాలో ఒక మధ్యరకం ఊళ్లో జనరల్ ఫిజీషియన్‌ని. పన్నెండేళ్లుగా బ్రాంచిలో ఏదో ఒక కమిటీలో ఉంటున్నాను, రెండుసార్లు సెక్రటరీగా చేశాను. మీ బ్రాంచిలో పద్ధతులు కొంచెం వేరుగా ఉండొచ్చు. బైలాస్ (బ్రాంచి నియమావళి) కాపీ ఒకటి అడిగి తీసుకుని ముందు అది చదవండి.

ఐఎంఏ, మెడికల్ కౌన్సిల్ ఒకటేనా?

కాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మీకు రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చేది, తప్పు చేస్తే విచారించేది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. దాని పైన జాతీయ స్థాయిలో 2020 నుంచి నేషనల్ మెడికల్ కమిషన్ ఉంది. అంతకు ముందు ఆ స్థానంలో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉండేది. ఇవి చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థలు. ప్రాక్టీసు చేయాలంటే కౌన్సిల్లో రిజిస్టర్ కావాల్సిందే.

ఐఎంఏ అలా కాదు. ఇది డాక్టర్లు తమంతట తాము పెట్టుకున్న సంఘం. 1928 డిసెంబరులో కలకత్తాలో జరిగిన అఖిల భారత వైద్య మహాసభలో పుట్టింది. చేరమని ఎవరూ బలవంతం చేయరు, చేరకపోతే ప్రాక్టీసు ఆగదు. ఇందులో జరిగే ప్రతి పనీ ఎవరో ఒక డాక్టరు తన ఓపీ అయ్యాక, తన నిద్రలోంచి కొంత టైము తీసి చేసిందే. కాబట్టి "ఐఎంఏ ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే, మీ ఊళ్లో ఆ ఏడాది ఎంతమంది ముందుకొచ్చారో దాన్నిబట్టే జవాబు ఉంటుంది.

కమిటీలో ఉండాలంటే సభ్యత్వం తప్పనిసరా?

అవును. ఆధునిక వైద్యంలో డిగ్రీ ఉండి, కౌన్సిల్లో రిజిస్టరైన డాక్టరు తన ఊరి బ్రాంచి ద్వారా దరఖాస్తు చేయాలి. అక్కణ్ణుంచి అది రాష్ట్ర శాఖకి, తర్వాత ఢిల్లీలోని హెడ్‌క్వార్టర్స్‌కి వెళుతుంది. ఒక్కసారి బ్రాంచిలో చేరితే మూడు స్థాయిల్లోనూ సభ్యులైనట్టే. ఎక్కువమంది లైఫ్ మెంబర్‌షిప్ తీసుకుంటారు. ఊరు మారితే బ్రాంచి మార్పించుకోవడం మర్చిపోకండి. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు చేరి, తర్వాత రాజమండ్రిలోనో ఖమ్మంలోనో స్థిరపడి, ఇప్పటికీ పాత బ్రాంచి లిస్టులోనే ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఓటు రాదు, మెసేజ్ రాదు, మీరు ఊళ్లో ఉన్నారని బ్రాంచికి తెలియదు.

మెడికోలకీ జూనియర్ డాక్టర్లకీ ఐఎంఏలో విడిగా నెట్‌వర్కులు ఉన్నాయి. జూడాలో (జూనియర్ డాక్టర్ల సంఘంలో) పని చేసినవాళ్లకి మీటింగు నడపడం, మెమొరాండం రాయడం అప్పటికే అలవాటై ఉంటుంది. అలాంటి వాళ్లు వచ్చి చేరితే బ్రాంచికి నిజంగా బలం.

ఏయే కమిటీలు ఉంటాయి?

ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్, ఈసీ (కార్యవర్గం) మెంబర్లు ఎన్నికైనవాళ్లు. వాళ్ల కింద పని కోసం వేసే కమిటీలే మనం మాట్లాడుకునేవి. మా దగ్గర సీఎంఈ కమిటీ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య కార్యక్రమాలు చూసేది), హెల్త్ క్యాంపుల కమిటీ, దాడులు, కేసుల వంటి చట్టపరమైన విషయాలకి మెడికో లీగల్ సెల్, బయోమెడికల్ వేస్ట్ (ఆసుపత్రి వ్యర్థాలు) చూసేవాళ్లు, టీబీ నోటిఫికేషన్ చూసేవాళ్లు, మహిళా డాక్టర్ల విభాగం, హాలు నిర్వహణ కమిటీ ఉన్నాయి. పెద్ద బ్రాంచిల్లో ఇంకా ఉంటాయి. చిన్న ఊళ్లో ఒకే మనిషి మూడు చూసుకుంటాడు.

ఎలక్షన్‌లో నిలబడాలా? ఎవరిని అడగాలి?

పదవులకే ఎలక్షన్. కమిటీకి అక్కర్లేదు. సెక్రటరీకి ఫోన్ చేసి "సార్, నేను ఫలానా పని చేయగలను, ఏ కమిటీలోనైనా వేసుకోండి" అంటే చాలు. అందులో "ఫలానా పని" అన్న ముక్క ముఖ్యం. "ఏదైనా చేస్తాను సార్" అన్నవాళ్ల పేరు లిస్టులో చేరుతుంది గానీ ఫోన్ రాదు. "నెలకో ఆదివారం క్యాంపుకి వస్తాను", "స్పీకర్లతో నేను మాట్లాడతాను", "పిల్లల బడుల్లో కళ్ల పరీక్ష నేను చూస్తాను" అంటే మర్నాడే ఫోన్ వస్తుంది.

ఇది నాకు కష్టపడి తెలిసింది. పీజీ అయ్యాక వేరే ఊళ్లో మొదటి ఉద్యోగంలో ఉండగా అక్కడి బ్రాంచి నన్ను ఒక కమిటీలో వేసింది. డైరీలో పేరు అచ్చు వేశారు. ఏడాది పొడుగునా ఒక్క మీటింగు పెట్టలేదు, ఒక్కరూ పిలవలేదు. అప్పట్లో చాలా బాధపడ్డాను, ఈ సంఘాలతో మనకెందుకు అనుకున్నాను. ఈ ఊరు వచ్చాక ఒక సీనియర్ మేడమ్ నా చేతికి ఒకే ఒక్క పని ఇచ్చారు: డాక్టర్స్ డే రక్తదాన శిబిరానికి దాతల లిస్టు తయారు చేయడం. ఆ పని ముగిశాక నాకు ఈ సంఘం మీద అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. అందుకే నేను సెక్రటరీగా ఉన్నప్పుడు ఎవరి పేరూ పని లేకుండా కమిటీలో రాయనివ్వలేదు.

ఎంత టైము పోతుంది?

సభ్యులైతే నెలకు మూడు నాలుగు గంటలు. కన్వీనర్ అయితే కార్యక్రమం ఉన్న నెలలో వారానికి అంత. మీటింగులు మామూలుగా సాయంత్రం ఓపీ అయ్యాక, తొమ్మిదింటికి మొదలవుతాయి. చంటిపిల్లలున్న మహిళా డాక్టర్లకి అది కుదరదు. మా మహిళా విభాగం వాళ్లు గట్టిగా అడిగాక కొన్ని మీటింగులు ఆదివారం ఉదయానికి మార్చాం, హాజరు వెంటనే పెరిగింది. మీకు కుదిరే టైము ఏదో మొహమాటం లేకుండా ముందే చెప్పండి.

సీఎంఈ కమిటీలో అసలు పని ఏముంటుంది? స్పీకర్‌ని పిలవడమేగా?

అది పదో వంతు. రిజిస్ట్రేషన్ నిలుపుకోవాలంటే సీఎంఈలకి హాజరై ఐదేళ్లలో 30 క్రెడిట్ గంటలు తెచ్చుకోవాలన్న లెక్క మీకు తెలుసు. ఆ గంటలు రావాలంటే కార్యక్రమానికి కొన్ని వారాల ముందే కౌన్సిల్‌కి దరఖాస్తు పంపాలి. టాపిక్, స్పీకర్ల అర్హతలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నీ రాయాలి. ఆలస్యమైతే కార్యక్రమం జరుగుతుంది, క్రెడిట్ రాదు. యాభై కిలోమీటర్ల నుంచి బస్సెక్కి వచ్చిన పీహెచ్‌సీ డాక్టరు ఉత్త చేతులతో తిరిగి వెళతాడు. అలా ఒకసారి జరిగింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

తర్వాత టాపిక్. కార్పొరేట్ ఆసుపత్రి నుంచి వచ్చిన స్పీకర్ తమ దగ్గరున్న కొత్త మెషీన్ గురించి గంటసేపు చెబితే మన ఊళ్లో యాభై పడకల నర్సింగ్‌హోమ్ డాక్టరుకి ఏం ఒరుగుతుంది? మేము పద్ధతి మార్చాం. ముందు సభ్యుల్ని "ఈ మధ్య ఏ కేసులో ఇబ్బంది పడ్డారు?" అని అడుగుతాం. పాము కాటుకి యాంటీవెనమ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, పురుగుమందు తాగిన పేషెంటుకి అట్రోపిన్ ఎంత, ఎంతసేపటికి. డెంగీలో ప్లేట్‌లెట్లు ఎప్పుడు ఎక్కించాలి, ఎప్పుడు ఎక్కించనక్కర్లేదు. ఇలాంటివే వచ్చాయి. పురుగుమందు కేసుల మీద పెట్టిన రోజు హాల్లో కుర్చీలు చాలలేదు.

కార్యక్రమం రోజు చేయాల్సినవి: గంట ముందు వెళ్లి స్పీకర్ పెన్‌డ్రైవ్ ప్రొజెక్టర్‌లో తెరుచుకుంటోందో లేదో చూడటం, కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ ఉందో కనుక్కోవడం, సంతకాల రిజిస్టరులో రిజిస్ట్రేషన్ నంబరు కాలమ్ ఉందో చూడటం. ఆ కాలమ్ లేకపోతే సర్టిఫికెట్లు రాసేటప్పుడు రెండొందల మందికి ఫోన్లు చేయాలి. భోజనాల టైముకి వచ్చి సంతకం పెట్టేవాళ్లకి క్రెడిట్ ఇవ్వకూడదు. సీనియర్ అయినా సరే. రిజిస్టరు దగ్గర కూర్చున్న కుర్ర డాక్టరుకి ఇది చెప్పడం కష్టం, అందుకని ఆ కుర్చీలో నేనే కూర్చునేవాణ్ణి.

ఆసుపత్రి మీద దాడి జరిగితే కమిటీ ఏం చేస్తుంది?

ఈ ప్రశ్న 2024 ఆగస్టు తర్వాత బాగా పెరిగింది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఒక మహిళా జూనియర్ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగిన ఘోరం తర్వాత ఆగస్టు 17 ఉదయం 6 నుంచి 24 గంటల పాటు దేశమంతా అత్యవసరం కాని సేవలు ఆపాలని ఐఎంఏ పిలుపునిచ్చింది. మా ఊళ్లో ఆ ర్యాలీలో నడిచిన హౌస్‌సర్జన్ అమ్మాయిలే తర్వాత కమిటీలో చేరతామని వచ్చారు.

ఒక రాత్రి ఎలా ఉంటుందో చెబుతాను. పదకొండున్నరకి ఫోన్. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక తల్లి చనిపోయింది, బయట అరవై డెబ్భై మంది ఉన్నారు, రిసెప్షన్ అద్దాలు పగిలాయి. మేము నలుగురం వెళ్లాం. పని ముందే పంచుకుని ఉంటాం కాబట్టి అక్కడ చర్చ ఉండదు. ఒకరు స్టేషన్‌కి ఫోన్ చేసి సీఐ గారితో మాట్లాడతారు. ఒకరు డాక్టరునీ నర్సులనీ లోపలి గదికి తీసుకెళ్లి వాళ్ల పక్కనే ఉంటారు. ఒకరు కేస్ షీటు, సీసీటీవీ రికార్డింగు భద్రపరుస్తారు. కేస్ షీటులో ఒక్క అక్షరం కూడా ఆ తర్వాత మార్చకూడదు, చేర్చకూడదు. భయంలో డాక్టరు చేయబోయే మొదటి తప్పు అదే. దాన్ని ఆపడమే ఆ మనిషి పని.

నాలుగోవారి పని అన్నిటికన్నా కష్టం: చనిపోయినామె కుటుంబంతో కూర్చోవడం. గుంపుతో కాదు, ఇంటి పెద్దతో. ఆ రాత్రి నేను ఆ తండ్రిని పక్క గదికి తీసుకెళ్లి, కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చాను. ఏం జరిగిందో, ఎన్ని సీసాల రక్తం ఎక్కించారో, ఎందుకు ఆగలేదో తెలుగులో, మెల్లగా చెప్పాను. ఆయన చివరికి అడిగింది ఒక్కటే: "ఈ మాట నాకు తొమ్మిదింటికే ఎవరన్నా ఎందుకు చెప్పలేదు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాతే మా మెడికో లీగల్ సెల్ దాడుల మీదే కాకుండా, పేషెంటు పరిస్థితి విషమిస్తున్నప్పుడు బంధువులతో ఎలా మాట్లాడాలన్న దాని మీద కూడా శిక్షణ పెట్టడం మొదలుపెట్టింది.

చట్టం విషయానికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన వైద్య సిబ్బంది, వైద్య సంస్థల రక్షణ చట్టం ఉంది. దాడి చేసినవారికి మూడేళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా. నాన్ బెయిలబుల్ నేరం, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టే నిర్ణయించాలి. చాలాసార్లు స్టేషన్లో ఈ చట్టం సెక్షన్లు పెట్టకుండా మామూలు గొడవ కింద రాసేస్తారు. ఫిర్యాదులో చట్టం పేరు స్పష్టంగా రాయించడం కమిటీ పని. దాని జిరాక్స్ కాపీలు మా హాల్లో ఎప్పుడూ ఉంటాయి.

అంటే డాక్టరు తప్పు చేసినా కమిటీ వెనకేసుకొస్తుందా?

రాకూడదు. మా బ్రాంచిలో వెనకేసుకురాము. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కేసులో ఒక పక్షం ఐఎంఏనే. నిర్లక్ష్యం జరిగిందనుకుంటే ఆ కుటుంబానికి కోర్టు ఉంది, కౌన్సిల్ ఉంది, వెళ్లమనే చెబుతాం. మెడికల్ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని నిబంధన. మా సభ్యులు ఇవ్వకుండా తిప్పుతుంటే ఫోన్ చేసి ఇప్పించిన సందర్భాలు ఉన్నాయి. డాక్టరుకి కూడా రక్షణ ఉంది: క్రిమినల్ కేసు పెట్టే ముందు పోలీసులు వేరే నిపుణుడి అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పులూ తెలియకుండా మెడికో లీగల్ సెల్లో కూర్చోకండి.

నాకు స్టేజీ మీద మాట్లాడటం రాదు. నావల్ల ఉపయోగం ఉంటుందా?

చాలా. మినిట్స్ రాసే మనిషి దొరక్క ప్రతి బ్రాంచీ ఇబ్బంది పడుతోంది. ఎవరొచ్చారు, కోరం ఉందా, ఏం నిర్ణయించారు, ఎవరు ఎప్పటిలోగా చేయాలి, ఎంత ఖర్చుకి ఒప్పుకున్నారు. ఇవి ఆ రాత్రే రాసి, మర్నాడు గ్రూపులో పెట్టేవాళ్లుంటే ఆ కమిటీ నడుస్తుంది. "నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?" అన్న గొడవ రాదు.

బయోమెడికల్ వేస్ట్ పని కూడా అలాంటిదే. 2016 రూల్స్ ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేరు చేయాలని డాక్టర్లందరికీ తెలుసు. కానీ ఆ సంచుల్లో వేసేది ఆయమ్మలు. మా కమిటీలో ఒక పెథాలజిస్టు మేడమ్ ఉన్నారు, సభలో రెండు మాటలు మాట్లాడమన్నా ఒప్పుకోరు. ఆవిడ ఒక్కో నర్సింగ్‌హోమ్‌కి వెళ్లి, వార్డులో నేల మీద నాలుగు డబ్బాలు పెట్టి, ఆయమ్మల చేతే సెలైన్ సీసా, సూది, రక్తం అంటిన దూది, మందు గాజుసీసా వేయిస్తారు. "సూదికి మూత మళ్లీ పెట్టకమ్మా, నీ వేలికే గుచ్చుకుంటుంది" అని చేయి పట్టుకుని చూపిస్తారు. నేను చూసిన కమిటీ పనుల్లో దీనికి మించింది లేదు.

టీబీ కమిటీ ప్రభుత్వం పని కదా, మనకెందుకు?

పేషెంటు ముందు మన దగ్గరికే దగ్గుతూ వస్తాడు కాబట్టి. 2012 నుంచి ప్రైవేటు డాక్టరు కూడా ప్రతి టీబీ కేసునీ ప్రభుత్వానికి తెలియజేయాలి. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్లో నమోదు చేస్తే పేషెంటుకి పోషకాహారం కోసం నెలనెలా డబ్బు వస్తుంది, 2024 నవంబరు నుంచి అది నెలకు 1000 రూపాయలు. "ఆ పోర్టల్ ఎవరు నింపుతారు సార్" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. మా కమిటీలో ఇద్దరు కుర్రాళ్లు ఒక్కో క్లినిక్‌కి వెళ్లి కాంపౌండర్‌కి నేర్పించి వచ్చారు. అంతే పని. నమోదైన ప్రతి పేరూ మధ్యలో మందులు మానేయకుండా ఎవరో ఒకరు కనిపెట్టి చూసే పేరు అవుతుంది.

డబ్బు వ్యవహారాల్లో ఇరుక్కోమా?

నగదు ముట్టుకోకపోతే ఇరుక్కోరు. స్పాన్సర్ ఇచ్చేది బ్రాంచి ఖాతాలోకే వెళ్లాలి. కన్వీనర్ సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రాకూడదు, "ప్రస్తుతానికి మీ ఫోన్‌పేకి వేస్తాం సార్" అంటే వద్దనండి. ప్రతి ఖర్చుకీ బిల్లు. ఏడాది చివర ఆడిట్ చేసిన లెక్క జనరల్ బాడీ ముందు పెట్టాలి.

ఫార్మా కంపెనీల విషయంలో ఇంకా జాగ్రత్త. 2024 మార్చిలో వచ్చిన యూసీపీఎంపీ కోడ్ (మందుల మార్కెటింగ్ నియమావళి) ప్రకారం కంపెనీలు డాక్టర్లకీ వాళ్ల కుటుంబాలకీ బహుమతులు, ప్రయాణ ఖర్చులు ఇవ్వకూడదు. స్పీకర్‌గా వెళ్లేవారి ప్రయాణానికి మాత్రం మినహాయింపు ఉంది. నా అభిప్రాయం అడిగితే, సభ్యుల చందాతో ఇడ్లీ, ఉప్మా పెట్టి నడిపిన సీఎంఈకి ఉన్న గౌరవం స్టార్ హోటల్లో పెట్టినదానికి లేదు. ఆ రోజు స్పీకర్ ఏ మందు పేరు చెప్పినా ఎవరికీ అనుమానం రాదు.

గ్రూపులు, కులాలు, రాజకీయాలు ఉంటాయటగా?

కొన్నిచోట్ల ఉంటాయి. ఎలక్షన్ల టైములో ఎక్కువగా కనబడతాయి. నేను చూసింది ఏమిటంటే, పదవి కోసం వచ్చినవాళ్ల మధ్య గొడవ ఉంటుంది గానీ పని కోసం వచ్చినవాళ్ల మధ్య ఉండదు. క్యాంపులో బీపీ చూస్తున్న ఇద్దరు ఎదురెదురు ప్యానెళ్లవాళ్లని పేషెంటుకి తెలియదు, మధ్యాహ్నానికి వాళ్లకీ గుర్తుండదు. మొదటి రెండేళ్లు ఏ ప్యానెల్ తరఫునా ప్రచారం చేయకండి. ఏదైనా ఒక పని చివరిదాకా చేసి చూపించండి.

ప్రభుత్వ డాక్టరుగా ఉండి చేయొచ్చా?

చేయొచ్చు. ప్రభుత్వ డాక్టర్ల సంఘాలు వేరుగా ఉన్నా చాలామంది రెంటిలోనూ ఉన్నారు. సర్వీసు రూల్స్ దృష్ట్యా పత్రికలకు ప్రకటనలిచ్చే బాధ్యత మాత్రం తీసుకోకండి. క్యాంపులు, సీఎంఈ, టీబీ, రక్తదానం నిశ్చింతగా చూసుకోవచ్చు.

నేను అమెరికాలో ఉన్నాను. ఇక్కణ్ణుంచి ఏమైనా చేయగలనా?

అక్కడ 1982 నుంచి భారత సంతతి డాక్టర్ల సంఘం "ఆపి" (AAPI) ఉంది, మన మెడికల్ కాలేజీల పూర్వ విద్యార్థుల సంఘాలూ ఉన్నాయి. కమిటీ పని అక్కడ నేర్చుకోవచ్చు. మీ సొంత ఊరి బ్రాంచికి కావాల్సింది విరాళం ఒక్కటే అనుకోకండి. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక పూట సీఎంఈలో చెప్పండి. లేదా ఇక్కడి కుర్ర డాక్టరుకి కష్టమైన కేసు వచ్చినప్పుడు ఆదివారం అరగంట ఆన్‌లైన్‌లో మాట్లాడండి. రెండోది మాకు ఎక్కువ అవసరం.

మధ్యలో మానేయాల్సి వస్తే?

చెప్పి మానేయండి. ఇంట్లో సమస్య ఉండొచ్చు, పరీక్షలు ఉండొచ్చు, ఒంట్లో బాగుండకపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. చెప్పకుండా ఫోన్ ఎత్తకపోవడమే కమిటీకి నష్టం. అప్పటిదాకా చేసిన పని, ఫోన్ నంబర్లు, బిల్లులు ఒక ఫోల్డర్‌లో పెట్టి తర్వాతివాళ్లకి ఇవ్వండి.

మొదటి మీటింగుకి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఒక నోట్‌బుక్, పెన్ను. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్, రెండు ఫొటోలు. సభ్యత్వం ఇంకా లేకపోతే ఆ రోజే ఫారం నింపొచ్చు. మీకు నెలలో ఏ రోజు, ఎన్ని గంటలు కుదురుతుందో ముందే ఆలోచించుకుని రండి. కొత్తవాళ్లు వచ్చినప్పుడు మా సెక్రటరీ మొదట అడిగేది అదే.